కింద పడ్డ పచ్చపురుగు మళ్లీ ఎందుకు లేస్తోంది?

సందేహం: నాలుగు ఎకరాల్లో శనగ వేశాను. పూత మీద పచ్చపురుగు కనిపిస్తే సైపర్‌మెత్రిన్ కొట్టాను. కాసేపటికే పురుగులు గిలగిల కొట్టుకుని కింద పడ్డాయి, తెల్లవారేసరికి చాలావరకు లేచి మళ్లీ మొక్కలెక్కాయి. వారం తర్వాత ఎమామెక్టిన్ బెంజోయేట్ కొట్టాను. రెండు రోజులైనా పురుగు మొక్క మీదే ఉంది. నాకు అమ్మినవి నకిలీ మందులా?
– ఒక రైతు, కొండపి మండలం, ప్రకాశం జిల్లా

సలహా: మీరు రాసిన లక్షణాలను బట్టి నకిలీ అనుకోనక్కరలేదు. రెండు మందులూ పురుగు నరాల మీదే పనిచేస్తాయి. మొదటిది నరాన్ని ఆగకుండా మోగిస్తుంది, రెండోది మూగబోయేలా చేస్తుంది.

నరం వెంట సంకేతం సాగాలంటే అందులోని సోడియం ద్వారాలు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. సైపర్‌మెత్రిన్ వాటిని మూసుకోనివ్వదు. అందుకే ఆ గిలగిల. అయితే పురుగు ఒంట్లో మందును విరిచేసే ఎంజైములు ఉంటాయి. మోతాదు చాలకపోయినా, పురుగు ఆ మందుకు అలవాటు పడిపోయినా, రాత్రికి రాత్రే విషం విరిగి లేచి కూర్చుంటుంది. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో ఇదే పచ్చపురుగు ఈ జాతి మందులకు లొంగక రైతులను నిలువునా ముంచింది.

ఎమామెక్టిన్ తీరు వేరు. నరాల్లోకి, కండరాల్లోకి క్లోరైడును వదిలి వాటిని చచ్చుబడేస్తుంది. కొద్ది గంటల్లోనే పురుగు మేత మానేస్తుంది, ప్రాణం పోవడానికి మాత్రం మూడు నాలుగు రోజులు పడుతుంది. (గొర్రెలకు పురుగులు పోవడానికి వేయించే ఐవర్‌మెక్టిన్ దీనికి దగ్గరి చుట్టమే.) కాబట్టి పురుగు ఉందా లేదా అని చూడకండి. కొమ్మల మీద పచ్చి విసర్జన కొత్తగా పడుతోందా, కాయకు కొత్త రంధ్రాలు పడుతున్నాయా చూడండి. అవి లేకపోతే మందు పని అయినట్టే, మళ్లీ కొట్టి డబ్బు పోసుకోకండి.

నాలుగో రోజు దాటినా మీటరు సాలుకు ఒక పురుగు చొప్పున మేస్తూ కనిపిస్తే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం మందును లీటరు నీటికి 0.3 మి.లీ. కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఇది కండరాల్లోని కాల్షియాన్ని ఖాళీ చేస్తుంది, అంటే దెబ్బ తగిలే చోటే వేరు. కొట్టులో డబ్బా రంగు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న రసాయనం పేరు చదివించుకోండి. కాయ లోపలికి దూరిన పెద్ద పురుగు ఏ మందుకూ సరిగా అందదు.

బలం కోసమని ప్రొఫెనోఫాస్ కూడా కలపమని ఎవరైనా చెబితే వినకండి. అది పురుగు నరాల్లో అడ్డుకునే ఎంజైము మన నరాల్లోనూ ఉంది. ఇలాంటి మందు కొట్టాక చొంగ కారడం, చూపు మసకబారడం, కండరాలు అదరడం కనిపిస్తే బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ఏ మందో తెలిస్తే దాని విరుగుడు అట్రోపిన్ ఇవ్వడంలో వైద్యులకు జాగు ఉండదు.