నాటక సమాజం చెక్కు బౌన్సయింది, కార్యవర్గమంతా బాధ్యులేనా?

ప్రశ్న: మా ఊళ్ళో పద్యనాటక సమాజం ఉంది. సొసైటీగా రిజిస్టరయింది. కార్యవర్గంలో 11 మందిమి, నేను కోశాధికారిని. ఉగాదికి వేసిన నాటకానికి సెట్టింగులు, లైటింగు, మైకు అన్నీ ఒక్క సప్లయరు దగ్గరే మాట్లాడాం. బిల్లు 1,80,000 రూపాయలు. సమాజం ఖాతా మీద అధ్యక్షుడు, నేను సంతకాలు చేసి చెక్కు ఇచ్చాం. తర్వాత కార్యదర్శి ఫోన్‌పేలో 50,000 పంపారు. అయినా సప్లయరు 1,80,000 చెక్కునే బ్యాంకులో వేశాడు. ఖాతాలో డబ్బు లేక తిరిగొచ్చింది. ఈ నెల 4న 11 మందికీ లాయరు నోటీసులు అందాయి. చందాలు చాలావరకు కార్యదర్శి సొంత ఖాతాలో పడ్డాయి, ఆయన లెక్క చెప్పడం లేదు. నేను రాజీనామా చేస్తే బయటపడతానా? రిహార్సల్స్‌కి వచ్చి వెళ్ళడం తప్ప ఏమీ తెలియని మిగతా సభ్యుల సంగతేమిటి?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: రాజీనామా సంగతి పక్కన పెట్టి ముందు క్యాలెండరు చూడండి. నోటీసు 4న అందింది కాబట్టి ఆ రోజు వదిలేసి 15 రోజులు లెక్కపెడితే 19వ తేదీ వరకు చెల్లించే గడువుంది. ఈలోపు డబ్బు ముడితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు పెట్టే హక్కే సప్లయరుకు పుట్టదు. ముట్టకపోతే ఆ తర్వాత నెల రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. రుజువైతే రెండేళ్ళ వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

రాజీనామా మిమ్మల్ని కాపాడదు. చెక్కు మీద సంతకం చేసిన రోజున మీరు కోశాధికారి, ఆ సంతకం రాజీనామాతో చెరిగిపోదు. పైగా ఇప్పుడు తప్పుకుంటే మినిట్స్ పుస్తకం, పాస్‌బుక్కు, బిల్లుల ఫైలు మీ చేతిలోంచి పోతాయి. రేపు కోర్టులో మీ తరఫున మాట్లాడేవి ఆ కాగితాలే. ముందు అవసరమైన పేజీలన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి. తప్పుకోవాలనే ఉంటే బాకీ తీరాక, లెక్కలు అప్పగించి, రసీదు తీసుకుని తప్పుకోండి.

ఇక 11 మందీ బాధ్యులా అంటే, కారు. ఈ చట్టం 141వ సెక్షన్‌లో కంపెనీ అన్న మాట రిజిస్టరైన సంస్థలకూ, వ్యక్తుల సమూహాలకూ వర్తిస్తుంది కాబట్టి మీ సమాజం దాని కిందికి వస్తుంది. సంతకం చేసినవాళ్ళుగా మీరూ అధ్యక్షుడూ నేరుగా బాధ్యులు. మిగతావాళ్ళలో, చెక్కు నాటికి సమాజం వ్యవహారాలు నడిపే బాధ్యత ఎవరిదో వాళ్ళే వస్తారు. కార్యవర్గంలో పేరుంది కదా అని అందర్నీ ముద్దాయిలుగా చేర్చేస్తే చాలదు, ఎవరు ఏ విధంగా బాధ్యులో ఫిర్యాదులోనే రాయాలని సుప్రీంకోర్టు 2005లో ఎస్.ఎం.ఎస్. ఫార్మాస్యూటికల్స్ కేసులో చెప్పింది. కార్యదర్శి విషయంలో మీ బైలాస్ (సమాజం నియమావళి) తీసి చూడండి. రోజువారీ వ్యవహారాలు, ఒప్పందాలు కార్యదర్శే చూడాలని చాలా సమాజాల బైలాస్‌లో ఉంటుంది. అలా ఉంటే సంతకం లేకపోయినా ఆయన రావచ్చు. పాత్రలు వేసి, రిహార్సల్స్‌కి వచ్చి వెళ్ళిన సభ్యులు తమ పాత్ర ఏమిటో చెబుతూ విడివిడిగా జవాబు నోటీసు ఇవ్వాలి. మౌనంగా ఉండటం తప్పు. అయినా సమన్లు వస్తే హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 528వ సెక్షన్ కింద కొట్టివేత కోరవచ్చు.

నోటీసులో ‘టు’ అన్న చోట సమాజం పేరు ఉందో లేదో కూడా చూడండి. సంస్థను ముద్దాయిగా చేర్చకుండా దాని బాధ్యుల మీద మాత్రమే కేసు నడవదని 2012లో అనితా హడా కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. అయితే ఇలాంటి లోపం దొరికిందని నిబ్బరంగా కూర్చోవద్దు. చెక్కు చెల్లుబాటయ్యే మూడు నెలల్లో సప్లయరు దాన్ని మళ్ళీ బ్యాంకులో వేసి, మళ్ళీ తిరిగొస్తే కొత్త నోటీసు ఇవ్వవచ్చు.

మీకు నిజంగా బలమైన పాయింటు ఆ 50,000. చెక్కు ఇచ్చాక, బ్యాంకులో వేసేలోపు కొంత సొమ్ము ముట్టిందంటే చెక్కు వేసిన నాటికి అసలు బాకీ 1,30,000 మాత్రమే. అలాంటప్పుడు ముట్టిన సొమ్మును చట్టం 56వ సెక్షన్ ప్రకారం చెక్కు మీద రాసి మిగతాదానికే వేసుకోవాలి. అలా చేయకుండా పూర్తి మొత్తానికి వేస్తే, అది బౌన్సయినా 138 నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో దశరథ్‌భాయ్ త్రికంభాయ్ పటేల్ కేసులో చెప్పింది. చిక్కల్లా రుజువు దగ్గరే. డబ్బు పంపింది కార్యదర్శి సొంత ఖాతా నుంచి. ‘అది వేరే ప్రోగ్రాం బాకీకి ఇచ్చింది’ అని సప్లయరు అనగలడు. కాబట్టి ఆ లావాదేవీ స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా యూటీఆర్ నంబరు (లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. ‘అన్నా, నాటకం బిల్లులో 50 పంపాను’ లాంటి వాట్సాప్ మెసేజ్ ఉంటే ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి.

ఈ పాయింటు ఉంది కదా అని బాకీ ఎగ్గొట్టమని నా సలహా కాదు. రాత్రంతా స్టేజి దగ్గర నిలబడి లైట్లు వేసినవాడి డబ్బు అది. క్రిమినల్ కేసు నిలవకపోయినా మూడేళ్ళలోపు సివిల్ దావా వేసుకోవచ్చు. అందుకే 19లోపు 1,30,000 కట్టేయడమే దారి. నగదుగా వద్దు, సమాజం ఖాతా నుంచి నెఫ్ట్‌గానో డీడీగానో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒరిజినల్ చెక్కు వెనక్కి తీసుకోండి. అది వాళ్ళ లాయరు దగ్గరుంటే, బాకీ పూర్తిగా ముట్టిందనీ ఈ నంబరు చెక్కు మీద ఇక చర్య తీసుకోననీ సప్లయరు సంతకంతో కాగితం రాయించుకోండి. అదే రోజు జవాబు నోటీసు స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో వెళ్ళాలి.

సమాజం ఖాతా ఖాళీగా ఉంటే సభ్యులు తలా కొంత వేసుకోవాల్సి వస్తుంది. దాన్ని చందా అనకుండా అప్పుగా రాసుకుంటేనే తర్వాత తిరిగి అడగగలరు. ఒకరి నుంచి 20,000, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, ఖాతాలోకే రావాలి. బైలాస్‌లో చెప్పినన్ని రోజుల ముందు నోటీసిచ్చి అత్యవసర సమావేశం పెట్టండి. కోరం (ఉండాల్సిన కనీస హాజరు) లేకుండా చేసిన తీర్మానం నిలవదు. తీర్మానం ఇలా ఉంటే సరిపోతుంది: ‘ఉగాది ప్రదర్శన సెట్టింగులు, లైటింగు, మైకు బిల్లు 1,80,000లో 50,000 ఫలానా తేదీన కార్యదర్శి ద్వారా చెల్లించబడినది. మిగిలిన 1,30,000 చెల్లించుటకు క్రింది సభ్యులు తమ పేర్లకెదురుగా చూపిన మొత్తం సమాజమునకు అప్పుగా ఇచ్చుటకు, సదరు మొత్తము సమాజము ఖాతా ద్వారా సప్లయరుకు చెల్లించుటకు తీర్మానించడమైనది.’ కింద హాజరైనవాళ్ళ సంతకాలు. ఎవరైనా ఒప్పుకోకపోతే ఆ మాటా రాయాలి. ఖాళీ లైన్లు వదలొద్దు.

సివిల్ బాధ్యత గురించి కొద్దిగా. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టరైన సమాజానికి చట్టం దృష్టిలో సొంత ఉనికి ఉంటుంది. దాని అప్పు దానిదే, మామూలుగా కార్యవర్గ సభ్యుల ఇళ్ళూ పొలాల జోలికి రాదు. ఎవరైనా వ్యక్తిగతంగా హామీ ఇచ్చినా, సమాజం పేరు చెప్పకుండా తన పేరునే బుక్ చేసినా పరిస్థితి మారుతుంది. ఎవరి తరఫునో చెప్పకుండా ఒప్పందం చేసినవాడే బాధ్యుడని కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ అనుకుంటుంది. బయానా రసీదు, కొటేషను ఎవరి పేరున ఉన్నాయో చూడండి. ‘ఫలానా గారికి’ అని కార్యదర్శి పేరు ఒక్కటే ఉంటే ఒకలా, సమాజం పేరు ఉంటే ఇంకోలా ఉంటుంది వ్యవహారం. తెలంగాణలోనూ ఇదే 2001 చట్టం అమల్లో ఉంది.

కార్యదర్శి ఖాతాలో పడ్డ చందాలు సమాజం సొమ్ము. ముందే పోలీసు స్టేషన్‌కి పరిగెత్తకండి, లెక్క అడిగిన కాగితం లేకుండా వెళ్తే ‘మీలో మీరు తేల్చుకోండి’ అని పంపేస్తారు. అదే సమావేశంలో రెండో తీర్మానంగా, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు వచ్చిన చందాల వివరం, తన ఖాతా స్టేట్‌మెంటు 15 రోజుల్లో ఇవ్వాలని ఆయన్ని కోరండి. ఆ 50,000ను ఆ లెక్కలోనే సర్దుకోవచ్చు. దాతల దగ్గర నుంచి కూడా చెల్లింపు వివరాలు తీసుకోండి. ఆయన ఇవ్వకపోతే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద సభ్యుడెవరైనా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు, లేదా ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి తీర్పుకు) వెళ్ళవచ్చు. దీనికి కార్యవర్గం అంతా ఒక్కమాట మీద ఉండనక్కర్లేదు. సొమ్ము సొంతానికి వాడుకున్నట్టు కాగితాల్లో తేలితే అప్పుడు నమ్మకద్రోహం కింద, అంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 316వ సెక్షన్ కింద ఫిర్యాదు.

జిల్లా రిజిస్ట్రారు దగ్గర మీ కార్యవర్గం లిస్టు ఏ సంవత్సరానిది ఉందో ఈ వారమే సర్టిఫైడ్ కాపీ తీయించి చూడండి. ఏటా సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో ఆ లిస్టు దాఖలు చేయాలి. నాటకం హడావుడిలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎప్పుడో మానేసిన సభ్యుల పేర్లు అందులో అలాగే ఉండిపోతాయి, నోటీసులూ వాళ్ళకే వెళ్తాయి. సంతకందార్లను మార్చాలన్నా బ్యాంకు మొదట అడిగేది ఈ లిస్టూ, తీర్మానం కాపీనే.

చెక్కుబుక్కులో మీరు ముందే సంతకం చేసి పెట్టిన ఖాళీ చెక్కులు ఉంటే ఇవాళే వెనక్కి తీసుకుని రద్దు చేయండి. ఖాళీగా ఇచ్చినా, ఇష్టపూర్వకంగా సంతకం చేసిన చెక్కు బాకీ కోసమే ఇచ్చినట్టు కోర్టు భావిస్తుంది. కాదని రుజువు చేసుకునే భారం సంతకం చేసిన మీదే.