అంగారకుడి మీద కాపురమంటే ముందు గాలి సంగతి, దాని రిపేరు సంగతి చూడాలి

"అంగారకుడి మీద మనుషులు స్థిరపడాలంటే ముందుగా దేనికి ప్లాన్ వేసుకోవాలి? రాకెట్లకా, ఇళ్ళకా, తిండికా?" అని అడిగారు. నా లెక్కలో అన్నిటికన్నా ముందు గాలి. ఆ గాలి తయారుచేసే మెషీను ఆగిపోతే అక్కడికక్కడే విప్పి బిగించగల మనిషి. ఆకివీడు పక్కన వనామీ రొయ్యల చెరువులు చేస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

పగలంతా మబ్బు పట్టి ఉంటే చెరువులో ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే కంటికి కనపడని నాచు, ఆక్సిజన్ సరిగ్గా ఇవ్వదు. రాత్రయితే ఆ ప్లాంక్టనూ, అడుగున పేరుకున్న మడ్డీ, రొయ్యలూ అన్నీ కలిసి నీళ్ళలో ఉన్నదంతా పీల్చేస్తాయి. తెల్లవారుజాముకి మరీ అడుగంటుతుంది. అందుకే రాత్రుళ్ళు నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగకూడదు. ఓ శ్రావణంలో సరిగ్గా అలాంటి రాత్రే కరెంటు పోయింది. జనరేటర్ వేస్తే కాసేపు కొట్టుకుని ఆగిపోయింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఎత్తడు. టార్చి వేసి చూద్దును కదా, గట్టు వెంబడి రొయ్యలు పైకి తేలిపోయి ఉన్నాయి. మీటర్లో డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, లీటరుకి మూడు మిల్లీగ్రాముల కన్నా కిందికి దిగిపోయింది. కుర్రాళ్ళు ఆక్సిజన్ గుళికలు చల్లుతున్నారు గానీ అంత చెరువుకి అవి ఏమూలకి? అప్పుడు మా కాపలా బాబాయ్ వచ్చి, "కంగారు పడకండి అబ్బాయిగారూ, డీజిల్ లైన్లో గాలి పట్టిందంతే" అన్నాడు. ఫిల్టర్ దగ్గర బోల్టు వదులు చేసి, నురగ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా చేతిపంపు కొట్టి, మళ్ళీ బిగించాడు. ఇంజన్ అందుకుంది. కొంత సరుకు పోయింది గానీ పంట నిలబడింది.

అంగారకుడి మీద మనుషులుండే గూడు ఆ చెరువు లాంటిదే. కాకపోతే అక్కడి నుంచి భూమికి ఒక మాట చేరాలంటేనే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జవాబు రావడానికి మళ్ళీ అంత. విడిభాగం పంపాలన్నా ప్రయాణానికి అనువైన సమయం సుమారు 26 నెలలకి ఒకసారే వస్తుంది. ఇక గాలి సంగతి. నాసా వాళ్ళ పర్సెవరెన్స్ రోవర్‌లో మాక్సీ అనే పరికరం పెట్టి, 2021 నుంచి 2023 దాకా అక్కడి కార్బన్ డయాక్సైడ్‌లోంచి ఆక్సిజన్ తీశారు. గొప్ప పనే, కాదనను. కానీ మొత్తం కలిపి వచ్చింది 122 గ్రాములు. మనిషికి రోజుకి సుమారు 840 గ్రాములు కావాలి. అంటే అది ఒక్కడికి మూడున్నర గంటల ఊపిరి.

1991లో అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అని అద్దాల గూడు కట్టి, ఎనిమిది మందిని రెండేళ్ళు లోపల ఉంచారు. వాళ్ళకీ చిక్కు గాలి దగ్గరే వచ్చింది. దాదాపు 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ పదహారు నెలల్లో 14.5 శాతానికి పడిపోతే, బయటినుంచి ఎక్కించాల్సి వచ్చింది. కారణం? సారం ఎక్కువున్న మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని కాంక్రీటు గోడలు పీల్చుకున్నాయి. దాంతో మొక్కలు దాన్ని తిరిగి ఆక్సిజన్‌గా మార్చే దారి లేకపోయింది. అడుగు మడ్డిని పట్టించుకోకపోతే ఏమవుతుందో మా భీమవరం వైపు ఏ రైతునడిగినా చెబుతాడు.

మడ్డి అంటే గుర్తొచ్చింది. అంగారకుడి మట్టిలో పెర్క్లోరేట్ లవణాలున్నాయని 2008లో ఫీనిక్స్ ల్యాండర్ కనిపెట్టింది. అవి మనిషి థైరాయిడ్‌ని దెబ్బతీస్తాయి. నీళ్ళతో కడిగి పంట వేయొచ్చంటారు. సరే, కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? మా గోదావరి డెల్టాలో దశాబ్దాలుగా ఇదే గొడవ. పంటకాలువ మీద ఉన్న శ్రద్ధ మురుగుకాలువ మీద ఎవరికీ ఉండదు. డ్రెయిన్లలో గుర్రపుడెక్క అల్లుకుపోయి, వాన పడితే చేలు మునుగుతాయి. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి సార్వా వేయకుండా వదిలేసిన కారణాల్లో ఈ ముంపు కూడా ఒకటి. కొత్త గ్రహం మీదైనా మురుగు దారి మొదటి రోజే గీయాలి.

ఇంకొకటి. మా చుట్టుపక్కల ఇంటికో ఇంజినీర్ ఉన్నాడు, స్పానర్ పట్టేవాడు దొరకడు. కొత్త జనరేటర్లకైతే కంపెనీ మనిషి వస్తే తప్ప తెరవడానికి లేకుండా సీలేసి ఇస్తున్నారు. అలాంటి మెషీన్లు పట్టుకుని అంగారకుడికి వెళ్తే చావే.

అందుకే ముందు చంద్రుడు. మూడు రోజుల ప్రయాణం, మాట ఒకటిన్నర సెకనులోపే చేరుతుంది. అక్కడ మెషీన్లు చెడనివ్వండి, బాగుచేయడం నేర్చుకోండి. మన ప్రభుత్వం 2035కల్లా సొంత అంతరిక్ష కేంద్రం, 2040కల్లా చంద్రుడి మీద భారతీయుడు అంటోంది. ఆ కేంద్రంలో ఉండబోయే ప్రతి ఒక్కరి చేతా ఆక్సిజన్ మెషీన్‌ని చీకట్లో, కింద నుంచి ఏ సలహా అందకుండా, పూర్తిగా విప్పించి బిగింపించాలి. అది చేయలేనివాళ్ళని, ఎన్ని డిగ్రీలున్నా, పంపకూడదు.