"తాతయ్య ఊరెళ్ళేరు" అని చెప్పి మేం చేసిన తప్పు

రాయగడ నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి ఆరేళ్ళు. టీవీలో మళ్ళీ ఏదో వైరస్ అన్న మాట చెవిన పడింది. దానికితోడు పెదనాన్నగారి పిల్లలు "మీ అమ్మమ్మ కరోనాకే పోయింది, అప్పుడు ముసలోళ్ళని బండిలో ఎత్తుకుపోయేవోరు" అని చెప్పారు. అప్పట్నుంచీ నాన్నమ్మని గుమ్మం దాటనివ్వడం లేదు. ఆ రోజుల సంగతి ఇంత చిన్నవాడికి చెప్పొచ్చా, చెప్తే ఎలా చెప్పాలి అని అడిగారు.

చెప్పండి. మేం దాచి చూశాం. దానివల్ల మా పాప ఎనిమిది నెలలు మనసులో ఏం పెట్టుకుని తిరిగిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. నా పుట్టిల్లు ఆంధ్రాలో పాతపట్నం. రాష్ట్రాలు రెండైనా ఊళ్ళు ఆనుకునే ఉంటాయి, కూరలకీ పెళ్ళిళ్ళకీ అటూ ఇటూ తిరగడమే మా బతుకు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి రోడ్డు మీద అడ్డు పెట్టేసరికి అమ్మ అటు, నేను ఇటు. ఏప్రిల్ నెలాఖరుకి శ్రీకాకుళం జిల్లాలో మొదటి కేసులు పాతపట్నం మండలంలోనే బయటపడ్డాయి, ఇక ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. మా పాపకి అప్పుడు నాలుగేళ్ళు, బాబుకి ఏడు. "అమ్మా, అమ్మమ్మ వాళ్ళది వేరే దేశం అయిపోయిందా?" అని పాప అడిగింది. నేను నవ్వేసి ఊరుకున్నాను. పిల్లలు ఒక మాట అడిగారంటే దాని వెనకాల ఇంకో పది ఉంటాయని అప్పటికి నాకు తెలీదు.

బాబుదింకో గొడవ. టీవీలో రోజంతా క్వారంటైన్, క్వారంటైన్ అనడం విని, అదొక ఊరనుకున్నాడు. "బరంపురం దాటాక వస్తుందా?" అని వాళ్ళ నాన్నని అడిగాడు. మే నెలలో సూరత్ నుంచీ కేరళ నుంచీ కూలికెళ్ళినవాళ్ళు తిరిగొస్తుంటే వాళ్ళని బడుల్లో ఉంచారు. మా వీధి చివర బడిలోనూ ఉంచారు. అది మా వాడు చదివే బడే. వాడి లెక్కలో బడికి జబ్బు చేసింది, లోపలున్నవాళ్ళు దొంగలు, కాపలా పోలీసు అందుకే ఉన్నాడు! కూర్చోబెట్టి మామూలు మాటల్లో చెప్పాను. "వాళ్ళు మన నాన్నలాగ పనికెళ్ళిన అన్నయ్యలు. పని పోయింది, ఇంటికొచ్చారు. ఒంట్లో జబ్బు ఉందో లేదో కొన్నాళ్ళు ఆగితే గాని తెలీదు. ఇంట్లో చిన్నపిల్లలుంటారు కదా, వాళ్ళకి అంటకూడదని అక్కడ ఆగారు." కాసేపు ఆలోచించి "మరి వాళ్ళ పిల్లలు కనబడకపోతే ఏడుపు రాదా?" అన్నాడు. ఆ మాటతో వాడి మనసులో దొంగలు పోయి నాన్నలొచ్చారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకి వాళ్ళ సవర భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊళ్ళో ఉంటూ, మా పిల్లల మీదకి వాళ్ళ నోరు తిరగని మాటలు వదిలేశామే అని ఆ రోజు చాలా బాధేసింది.

సబ్బుతో చేతులు కడుక్కునే సంగతి కూడా అలాగే వంటింటి మాటల్లో చెప్పాను. నేతి గిన్నె ఒట్టి నీళ్ళతో కడిగితే జిడ్డు పోతుందా? ఆ కరోనా పురుగుకీ పైన జిడ్డు లాంటి పొర ఉంటుంది, సబ్బు తగిలితే అది విడిపోయి పురుగు చచ్చిపోతుంది, అందుకే ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దాలి. పాప చేత నేతి గిన్నె రెండు రకాలుగానూ కడిగించాను. ఇక మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. మీ బాబుకీ చూపించండి. భయపడే పిల్లలకి చేతులతో చెయ్యడానికి ఒక పని ఉండాలి.

ఇక అసలు సంగతి. 2021 మే. ఒడిశాలో 5వ తారీకు నుంచి మళ్ళీ లాక్‌డౌన్. ముందు మా ఆయనకి జ్వరం, రెండు రోజుల్లో మావయ్యగారికి. ఆయనకి షుగరు ఉంది, టీకా ఒక డోసే పడింది. అయిదో రోజుకి ఆయాసం. అంబులెన్సులో ఇద్దరు తెల్లటి పీపీఈ బట్టల్లో వచ్చి తీసుకెళ్ళారు. పాప కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూనే ఉంది. ఆసుపత్రిలో చేరిన తొమ్మిదో రోజు అక్కడే పోయారు. ఇంటికి తేలేదు. మా ఆయనా మరిదీ దూరం నుంచి చూసి దణ్ణం పెట్టుకుని వచ్చారు, అంతే.

ఇంట్లో పెద్దవాళ్ళు "పిల్లగుంటలకి ఏటి తెలుస్తాది, తాతయ్య ఊరెళ్ళేరని చెప్పండి" అన్నారు. దుఃఖంలో ఉన్నాం, ఎదురు చెప్పే ఓపిక లేదు. బాబుకి ఎలాగో తెలిసిపోయింది, వాడు నోరు మెదపలేదు. పాప మాత్రం స్కూటరు చప్పుడైతే వీధిలోకి పరిగెత్తేది. ఒక రోజు అరుగు కింద ఆయన చెప్పులు చూసి, "చెప్పుల్లేకుండా ఊరెళ్ళేరేటి తాతయ్య?" అని అడిగింది. మా అత్తయ్యగారు లోపలికెళ్ళిపోయారు. నేను చెప్పులు తీసి అటక మీద పెట్టేశాను. ఆ చెప్పులు చేత్తో పట్టుకుని నిజం చెప్పాల్సింది, చెప్పలేదు.

జనవరిలో మా ఆయన పని మీద బరంపురం బయల్దేరుతూ మామూలుగానే "ఊరెళ్ళొస్తానమ్మా" అన్నారు. పాప ఆయన కాళ్ళు చుట్టేసుకుంది. "ఊరెళ్ళకు నాన్నా" అని వాంతి అయ్యేదాకా ఏడ్చింది. మేం చెప్పిన అబద్ధం అప్పుడు అర్థమైంది మాకు. ఊరెళ్ళడం అంటే తిరిగి రాకపోవడం అని ఆ పిల్లకి నేర్పింది మేమే.

మర్నాడు పొద్దున్న పెరట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ పక్కన కూర్చోబెట్టుకున్నాను. నిజం చెప్పే ముందు ఒక మాట అడిగాను. "తాతయ్య ఎక్కడున్నారనుకుంటున్నావు నువ్వు?" మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే అయితే అది ఈ ప్రశ్నే. మీరు చెప్పడం మొదలెట్టకముందు వాడి బుర్రలో ఏముందో వాడి నోటంటే వినండి.

పాప తల దించుకుని చెప్పింది. "తెల్లబట్టల వాళ్ళ దగ్గర. నేను కాఫీ తాగేనని తీసుకెళ్ళిపోయేరు."

మావయ్యగారు రోజూ స్టీలు గ్లాసులో చివరి గుక్క కాఫీ దానికోసం వదిలేవారు. ఆ రోజుల్లో నేను చూసి, "ఎంగిలి తాగొద్దన్నానా, జబ్బులొస్తాయి!" అని గట్టిగా కేకలేశాను. తర్వాత ఒక రోజు నాకు తెలీకుండా తాగింది. రెండు రోజులకి బండి వచ్చింది. అయిదేళ్ళ పిల్ల ఈ రెండూ కలిపి ముడివేసుకుంది. మేం ఏం చెప్పకపోతే పిల్లలు ఊరుకోరండీ, వాళ్ళకి వాళ్ళే ఏదో ఒకటి అల్లుకుంటారు. అది నిజం కన్నా భయంకరంగా ఉంటుంది, అందులో తప్పు ఎప్పుడూ వాళ్ళదే అయి ఉంటుంది.

చిక్కుడుకాయలు పక్కన పడేసి ఒళ్ళోకి తీసుకున్నాను. "తాతయ్య చనిపోయారమ్మా" అన్నాను. ఆ మాటే వాడాను. "చనిపోవడం అంటే ఒళ్ళు పనిచెయ్యడం ఆగిపోవడం. ఊపిరి తీసుకోరు, ఆకలెయ్యదు, నొప్పి ఉండదు, తిరిగి రారు. ఎక్కడికీ వెళ్ళలేదు, నీ మీద కోపమూ లేదు. నువ్వు కాఫీ తాగినందుకు ఎవరూ చనిపోరు. జబ్బు ఆయన ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. డాక్టర్లు తొమ్మిది రోజులు చూశారు. చాలామందికి నయమైంది, తాతయ్యకి కాలేదు. ఆ తెల్లబట్టలు వానకోటు లాంటివి, జబ్బు అంటకుండా వేసుకున్నారు."

వెంటనే అడిగింది, "ముందు జ్వరం నాన్నకి కదా, అయితే నాన్న వల్లేనా?" ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. మీరు అనుకుని ఉండండి. నేను అన్నది, "కంటికి కనబడనిది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరికీ తెలీదు. నాన్న కావాలని తేలేదు. ఎవరి తప్పూ లేదు." "తెలీదు" అనడానికి భయపడకండి, పిల్లలు దాన్ని బాగానే తీసుకుంటారు. "ఏమీ కాదు" అన్న మాటే వాళ్ళకి అనుమానం.

మీ వాడు నాన్నమ్మ గురించి అడుగుతాడు. "నాన్నమ్మకి ఎప్పటికీ ఏమీ రాదు" అని మాటివ్వకండి. ఉన్నదే చెప్పండి. అప్పుడు అది కొత్త జబ్బు, మొదట్లో టీకా కూడా లేదు. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి, అరవై దాటినవాళ్ళకి మార్చిలో. అమ్మమ్మ పోయినప్పటి పరిస్థితి వేరు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థే ఆ అత్యవసర పరిస్థితి అయిపోయిందని ప్రకటించింది. నాన్నమ్మకి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం, ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు ఇంటికి తిరిగొస్తూనే ఉంటారు, అని చెప్పండి. అలా వెళ్ళొచ్చినవాళ్ళని మీ వీధిలోనే ఇద్దరిని చూపించండి. ఆ టీవీ వాడున్నప్పుడు కట్టేయండి. పెదనాన్నగారి పిల్లల్నీ తిట్టకండి, వాళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకోండి. బండిలో ఎత్తుకుపోవడం వాళ్ళు మాత్రం భయం లేకుండా చూశారా?

పడుకునే ముందు మాత్రం వద్దు, ఆ మాటలే కలలోకొస్తాయి. పొద్దున్న, చేతిలో ఏదో చిన్న పని పెట్టి చెప్పండి, మొహంలోకి చూడక్కర్లేకపోతే పిల్లలకి తేలిగ్గా ఉంటుంది. మీకు ఏడుపొస్తే ఏడవండి, అమ్మమ్మ గుర్తొచ్చింది అని చెప్పండి. విన్న వెంటనే ఆడుకోవడానికి పోతే వాడికి పట్టలేదనుకోకండి.

మా పాప ఆ రోజు అంతా విని, కాసేపు నా చెంగు చుట్టుకుని కూర్చుని, "ఆకలేస్తాంది" అంది. అట్టు వేసిపెట్టాను. సాయంత్రం అటక మీంచి చెప్పులు దింపమంది, దింపాను. ఆ వారంలోనే ఇంకో నాలుగుసార్లు అడిగింది, తాతయ్య నిజంగా రారా అని. నాలుగుసార్లూ అదే చెప్పాను.