కిరీటాలకూ ఒక చోటు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో రెండు పడకగదుల అద్దె ఇల్లు. పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు. మా అత్తగారు పాత చీరలు కత్తిరించి పిల్లలకు కృష్ణుడు, రుద్రమదేవి, భరతమాత అంటూ వేషాలు కుడతారు. బడిలో పోటీ అయిపోయాక కూడా పిల్లలు వాటితోనే ఆడతారు. సోఫా మీద, మంచం కింద, ఎక్కడ చూసినా చమ్కీలు, అట్ట కిరీటాలు. మావారు రోజూ విసుక్కుంటారు. పైగా బాబు అక్క పరికిణీ కట్టుకుని తిరిగితే ఆయనకు అసలు నచ్చదు. అత్తగారు ఊరెళ్లినప్పుడు రెండు సంచుల నిండా సర్ది పనిమనిషికి ఇచ్చేశాను. ఆవిడ పెళ్లినాటి పట్టుచీరతో కుట్టిన పరికిణీ కూడా అందులో పోయిందని తర్వాత తెలిసింది. పాప రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అత్తగారు ఏమీ అనలేదు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశారు. నేను చేసింది అంత తప్పా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కలచివేసిన మాట ఆ కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ. ఆవిడ నాలుగు మాటలు అని ఉంటే మీకే తేలికగా ఉండేది. పెళ్లినాటి చీరను కత్తెరతో కోయడానికి ఏ ఆడదానికైనా చేయి ఆడదు. మనవరాలి కోసం కోశారు. దాన్ని మీరు తెలియక ఇచ్చారని నేను నమ్ముతున్నాను. కానీ ఆవిడ ఊళ్లో లేనప్పుడు ఇచ్చారు చూడండి, నొప్పి అక్కడుంది. అవును, అది తప్పే. దిద్దుకోలేనంత తప్పు మాత్రం కాదు.

ముందు ఒక మాట. పనిమనిషి ఇంటికి వెళ్లి ఆ సంచులు తిరిగి అడగకండి. ఆ ఇంట్లో పిల్లలుంటే ఈపాటికి ఆ పరికిణీ కట్టుకుని మురిసిపోయి ఉంటారు. వారి చేతిలోంచి లాక్కుంటే మీ పాప కన్నీళ్లు ఇంకో పాప కళ్లలోకి మారతాయి, అంతే.

పాపతో ఈ రోజే మాట్లాడండి. ‘కొత్తవి కొనిస్తాను’ అనకండి. ‘నీ వస్తువులు నిన్ను అడగకుండా ఇచ్చేశాను, ఇకమీదట అడగకుండా ముట్టుకోను’ అని చెప్పండి. ఏడేళ్ల పిల్లకు ఆ మాట పూర్తిగా అర్థమవుతుంది.

ఇక మీరు చోటు లేదన్నారు గానీ, ఉత్తరం రెండుసార్లు చదివాక చోటు ఒక్కటే కారణమని నాకు అనిపించలేదు. బాబు పరికిణీ కడుతున్నాడన్న మీవారి బెంగ కూడా ఆ సంచుల్లోకి చేరింది. ఆయనతో నెమ్మదిగా మాట్లాడండి. పాప రుద్రమదేవి వేషం వేసినప్పుడు ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టి ఉంటారు కదా? ఆ రుద్రమ రుద్రదేవుడన్న మగపేరుతో కాకతీయ రాజ్యాన్ని ఏలింది. అక్కకు మగవేషం ముచ్చటైతే తమ్ముడికి పరికిణీ నేరం ఎలా అవుతుంది? మన రంగస్థలం మీద సత్యభామగా జనాన్ని కట్టిపడేసిన స్థానం నరసింహారావు గారు మగవారే. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించారు. నాలుగేళ్ల పిల్లవాడికి గిర్రున తిరిగితే గొడుగులా విచ్చుకునే బట్ట ఒక వింత, అక్కలా ఉండటం ఒక సరదా. కోప్పడితే మాత్రం దాచుకోవడం నేర్చుకుంటాడు.

సర్దడం విషయానికి వస్తే, ఆడుకునే బట్టలు వేరు, దాచుకునే బట్టలు వేరు. రెండూ ఒకే చోట ఉండటం వల్లే పట్టు పరికిణీ అట్ట గదతో పాటు సంచిలోకి వెళ్లిపోయింది.

ఆడుకునేవాటికి మూత లేని వెడల్పాటి వెదురు బుట్ట చాలు, పిల్లలున్న గదిలో నేల మీదే పెట్టండి. బుట్ట నిండాక కొత్తది రావాలంటే పాతది ఒకటి బయటికి వెళ్లాలి. ఏది వెళ్లాలో పిల్లలే తేల్చాలి. తడుముకుంటారు, పోట్లాడుకుంటారు, తేల్చనివ్వండి. కిరీటాలు బుట్టలో నలిగిపోతాయి, కాబట్టి గోడకు నాలుగు చెక్క గుబ్బలు కొట్టించండి. మేకులు వద్దు. నాలుగేళ్ల వాడి కన్ను సుమారు మూడడుగుల ఎత్తులో ఉంటుంది, గుబ్బ దానికి కాస్త పైన ఉండాలి. మెడకు కట్టే పొడుగు తాళ్లు కత్తిరించేసి బొత్తాలు కుట్టండి. పిన్నీసులు బట్టలోనే వదిలేయకండి.

మంచం కింద మీ సారె పెట్టె ఉంటే దాచుకునే బట్టలు అందులో పెట్టి తాళం వేయండి. ఆటలో పిల్లలు పెట్టెలో దాక్కుంటే మూత పడి ఊపిరాడదు, కాబట్టి ఆ తాళం మరచిపోకండి. పట్టును ప్లాస్టిక్ కవరులో కాకుండా ఉతికిన పాత పంచెలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి తీసి నీడన ఆరనిచ్చి మడత మార్చండి. ఒకే మడతలో ఉంటే జరీ అక్కడే చిట్లుతుంది. గజ్జెలుంటే వానాకాలంలో వాటి తోలుపట్టీకి బూజు పడుతుంది, వాటినీ ఆరబెట్టాలి.

కలరా ఉండలు మాత్రం వేయకండి. పిల్లలకు అవి పిప్పరమెంటు బిళ్లల్లా కనిపిస్తాయి, నోట్లో పెట్టుకుంటే విషం. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, ఆ లోపం ఉన్నట్టు చాలామంది తల్లిదండ్రులకు ముందు తెలియదు కూడా. కర్పూరం కూడా మింగితే ప్రమాదమే. ఎండిన వేపాకు పలచటి గుడ్డలో మూటకట్టి పెట్టండి, చాలు.

చివరగా మీ అత్తగారు. మీవారిని మధ్యవర్తిగా పంపకండి, మీరే వెళ్లండి. ఆ పెళ్లిచీరలో మిగిలిన ముక్క ఏదైనా దాచారేమో అడగండి. ఉంటే అది సారె పెట్టెలో అన్నిటికన్నా పైన ఉండాలి. లేకపోతే ఆ చీర ఎక్కడ కొన్నారో, ఆ రోజు ఎవరెవరు వచ్చారో చెప్పించుకుని వినండి, పాపను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. తర్వాత ఏ మధ్యాహ్నమో మిషను మీద గుడ్డ మీరే తీసి, సూదిలో దారం ఎక్కించి ఉంచండి.