తమిళం చదవడం రాదు, చెన్నైలో మా అమ్మాయి బడి సంగతులు తెలుసుకోవడం ఎలా?

నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చి ఆరు నెలలైందని, అమ్మాయి ఒకటో తరగతిలో ఉందని రాశారు. బడి నుంచి వచ్చే కాగితాలు, ఫోను సందేశాలు అన్నీ తమిళంలోనే ఉంటున్నాయని, తోటి తల్లిదండ్రుల్లో ఒక్కరూ పరిచయం కాలేదని, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న వేరే బడికి మార్చాలా అని అడిగారు.

మార్చకండి. కనీసం ఈ విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా ఆగండి. మీరు రాసింది చదువుతుంటే నా మొదటి సంవత్సరమే కళ్ళ ముందు కదిలింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది గూడూరు. మావారి ఉద్యోగరీత్యా పెరంబూరు వచ్చాం. 2022 జూన్‌లో పెద్దమ్మాయిని ఇంటికి దగ్గరలోని కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాలలో చేర్చాం. పొద్దున దింపడం, సాయంత్రం తీసుకురావడం, అంతే. గేటు దగ్గర తల్లులు గుంపుగా నిలబడి మాట్లాడుకుంటుంటే నేను రోడ్డుకు అవతలి పక్కన నిలుచునేదాన్ని. ఫిబ్రవరిలో ఒక రోజు సంచిలో మడత పెట్టిన కాగితం వచ్చింది. విప్పి చూశాను. అంకెలు తప్ప ఒక్క అక్షరం అర్థం కాలేదు. డబ్బు మాట ఏదీ ఉన్నట్టు లేదు కదా అని పోపుల డబ్బా కింద పెట్టేశాను.

ఆ శుక్రవారం మా అమ్మాయి రోజూ వేసుకునే యూనిఫారంలోనే వెళ్ళింది. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే, ఆవరణ నిండా పిల్లలు వేషాలు వేసుకుని ఉన్నారు: తలపాగా, దిద్దిన మీసాలతో తమిళ కవి భారతియార్లు, ఊతకర్ర పట్టుకున్న కవయిత్రి ఔవైయార్లు, అట్టకత్తి పట్టుకున్న రాణి వేలు నాచ్చియార్లు. మా అమ్మాయి మెట్ల మీద ఒక్కతే కూర్చుంది. ఏడవలేదు. ‘అమ్మా, నువ్వు ఆ కాగితం చదవలేదా?’ అని మాత్రం అడిగింది.

మరునాడు ఆ కాగితం తీసుకుని బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె అప్పుడప్పుడు తెలుగు మాట్లాడుతుండగా విన్నాను. ఉత్తర చెన్నైలో ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగే, చదువు మాత్రం తమిళంలో. తెలుగు బాగా మాట్లాడతారు, ఒక్క అక్షరం రాయలేరు. ఆయమ్మ కాగితం అందుకుని పైకి చదివింది: ‘వెళ్ళిక్కిళమై ఆండు విళా. మారువేడప్ పోట్టి.’ మారువేడం అన్న మాట చెవిన పడగానే మారువేషం అని తెలిసిపోయింది. పోట్టి అంటే పోటీయేనని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆండు విళా అంటే వార్షికోత్సవం. అంటే ఆ కబురులో సగం నాకు వచ్చిన భాషే! లిపి రాకపోవడం వల్ల పిల్ల మెట్ల మీద కూర్చోవలసి వచ్చింది.

కాబట్టి నేను మీకు మొదట చెప్పేది ఇది. తమిళం రాదు అని మీరు అనుకుంటున్నంత రాకపోవడం ఉండదు. చూస్తే తెలియనిది వింటే తెలుస్తుంది. బడి నుంచి ఏ కాగితం వచ్చినా ఎవరో ఒకరి చేత పైకి చదివించుకోండి. ఫోను కెమెరా అచ్చు అక్షరాలను అనువదిస్తుంది కానీ చేతిరాత దగ్గర తడబడుతుంది. బడి కబుర్లు ఎక్కువగా చేతిరాతలోనే వస్తాయి.

కొన్ని మాటలు మాత్రం చెవికి పట్టించుకోవాలి. విడుమురై అంటే సెలవు. కూట్టం అంటే సమావేశం. పెట్రోర్ అంటే తల్లిదండ్రులు. నాళై అంటే రేపు, కట్టాయం అంటే తప్పనిసరిగా. కాలై ఉణవు పొద్దుటి ఫలహారం, సత్తుణవు మధ్యాహ్న భోజనం. వారాల్లో శని, బుధ మనకు దగ్గరగానే ఉంటాయి. తింగళ్ అంటే సోమవారం, సెవ్వాయ్ అంటే మంగళవారం, వియాళన్ అంటే గురువారం. మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది వెళ్ళి దగ్గర. మన చెవికి అది ఎక్కడికో వెళ్ళి ఏదో చేయమన్నట్టు వినిపిస్తుంది. వాళ్ళకు అది శుక్రవారం. తల్లిదండ్రుల సమావేశాలు మా బడిలో శుక్రవారాలే జరుగుతాయి కనుక ఈ ఒక్క మాట తెలిసినా మీకు చాలా మేలు.

అక్షరాలు కూడా నేర్చుకోండి, అమ్మాయితో పాటే. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి. పాప ఎలాగూ నేర్చుకుంటుంది. నేను మా అమ్మాయి పక్కన కూర్చుని అ అంటే అమ్మా, ఆ అంటే ఆడు, ఇ అంటే ఇలై అని దిద్దాను. ఆడు మేక, ఇలై ఆకు. మన క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్కడ ఒకటే అక్షరం కావడంతో మొదట్లో తికమకగా ఉంటుంది. దీపావళి నాటికి నేను బోర్డులు చదవడం మొదలుపెట్టాను.

ఇక మనుషుల పరిచయం సంగతి. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు.

2023 జూన్‌లో బడి తెరిచిన వారం ప్రధానోపాధ్యాయురాలిని కలిశాను. గేటు పక్కన గోడ మీద నల్లబల్ల ఉంది, ఆ రోజు కబుర్లు దాని మీద తమిళంలో రాస్తారు. దాని కింద మేకుకు మా అమ్మాయి పాత పలక తగిలించుకుంటానని, అదే కబురు తెలుగులో రాస్తానని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించారు. ‘బల్ల మీద ఏముందో అదే రాయాలి. మీ అంతట మీరు ఒక్క మాట కూడా చేర్చకూడదు’ అన్నారు. సరేనన్నాను.

రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆయమ్మ బల్ల చదివి చెప్పేది, నేను పలక మీద రాసేదాన్ని. ఆమెకు చదవడం వచ్చు, నాకు రాయడం వచ్చు. మొదటి రోజు రాసింది ఇప్పటికీ గుర్తుంది: ‘శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు సమావేశం. అమ్మ గానీ నాన్న గానీ తప్పక రావాలి.’ వారం తిరిగేలోపు ఒక తమిళ పెద్దావిడ మా పక్కన వచ్చి నిలబడింది. మనవడిని దింపడానికి వస్తుంది, ఆమెకు ఏ లిపీ రాదు. ‘నాకు కూడా చదివి చెప్పు’ అంది ఆయమ్మతో. ఆ మర్నాటి నుంచి ఆయమ్మ గొంతు పెంచి చదవడం మొదలుపెట్టింది. బీహారు నుంచి పనికి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి వినేవారు, వాళ్ళ పిల్లలు అర్థం చెప్పేవారు. చదువుకున్న తమిళ తల్లులు కూడా బల్ల చూడటం మానేసి వినడానికే నిలబడేవారు. నా పేరు తెలియనివాళ్ళు నన్ను ‘పలగై అక్కా’ అని పిలిచేవారు. మన పలకే వాళ్ళ పలగై. రోడ్డుకు అవతలి పక్కన నిలబడిన మనిషికి ఆ పిలుపు ఎంత విలువైనదో మీకు అర్థమవుతుంది.

తెలుగువాళ్ళు ఎక్కువ ఉన్న బడి కోసం మీరు చూస్తున్నారు కనుక, జరిగిన ఒక తప్పు కూడా చెప్పాలి. తెలుగు తల్లులం కొందరం కలిసి ఫోనులో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఆ ఏడాది నవంబరులో ఒక వానపొద్దున అందులో ‘చెన్నైలో బడులకు సెలవు’ అని సందేశం వచ్చింది. దాన్ని ముందుకు పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది ఏడాది కిందటి సందేశం. తేదీ ఎవరూ చూడలేదు. ఆ రోజు బడి నడిచింది, పైగా కంటి పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. తొమ్మిది మంది తెలుగు పిల్లలు బడికి రాలేదు. నేనూ వెళ్ళలేదు, పలక ఖాళీగా వేలాడింది. ఆ తొమ్మిది మందిలో ఒక మూడో తరగతి బాబుకు చూపు మందగించిన సంగతి మార్చిలో గాని బయటపడలేదు. లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటున్నాడని అప్పటిదాకా వాళ్ళమ్మ వాడిని కొడుతూనే ఉంది. సొంతంగా ఒక్క మాట చేర్చకూడదని ప్రధానోపాధ్యాయురాలు ఎందుకన్నారో ఆ రోజు తెలిసింది. మన భాషలో మనవాళ్ళు చెప్పారు కదా అని నమ్మేశాం. మనలో మనమే ఉంటే తప్పు కబురును తప్పు అని చెప్పేవాళ్ళు ఉండరు. ఆ గ్రూపును ఆ రాత్రే మూసేశాం.

వాన సెలవుల విషయంలో ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ సెలవు ప్రకటించేది జిల్లా కలెక్టరు. మనం అంతా చెన్నై అనే అంటాం గానీ తాంబరం చెంగల్పట్టు జిల్లాలో ఉంది, ఆవడి తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. చెన్నై జిల్లాకు సెలవిస్తే అక్కడ కూడా ఇచ్చినట్టు కాదు. ఒక్కోసారి బడులకు మాత్రమే ఇస్తారు, కాలేజీలు నడుస్తాయి. మీ బడి ఏ జిల్లాలో ఉందో ఇవాళే తెలుసుకోండి. సందేశంలో జిల్లా పేరు, తేదీ రెండూ కనబడితే గాని నమ్మకండి.

అదే 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చి వారం రోజులు బడులు మూతపడ్డాయి. 11న తెరిచాక వెళ్తే కింది గదుల్లో పిల్లలు వదిలి వెళ్ళిన పుస్తకాలు ముద్దయిపోయి ఉన్నాయి. పదిమంది తల్లులం డాబా మీద కూర్చుని పేజీ పేజీకి మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి ఆరబెట్టాం. పలక కారణంగా మొహాలు తెలిసినవాళ్ళు ఆ రెండు రోజుల్లో ఇళ్ళకు రాకపోకలు ఉన్న స్నేహితులయ్యారు.

మీ అమ్మాయిది ప్రభుత్వ బడో, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడో అయితే, 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అక్కడ పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలి. ప్రభుత్వ బడిలో అయితే బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో గమనించడం వాళ్ళ పని. ఎయిడెడ్ బడిలో సలహాలివ్వడం వరకే. తమిళంలో పళ్ళి మేలాణ్మైక్ కుళు అంటారు. 2024లో తమిళనాడులో ఈ కమిటీలను మళ్ళీ ఏర్పాటు చేసినప్పుడు ఆయమ్మే నా చెయ్యి పట్టుకుని సమావేశానికి లాక్కెళ్ళింది. భాష రాదన్నాను. ‘వినడం వచ్చు కదా’ అంది. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదన్న సంగతి నేను నా వచ్చీరాని తమిళంలోనే చెప్పాను. నెలలోపు గడియ పెట్టారు. ప్రైవేటు బడి అయితే ఈ చట్టం కింద కమిటీ ఉండదు గానీ తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘం ఉందేమో అడగండి.

పరాయి ఊరు అన్న దిగులు మీ మాటల్లో కనబడింది. 1920లో మద్రాసు కార్పొరేషన్ వారు థౌజండ్ లైట్స్‌లోని తమ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలుపెట్టారు. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి గారు, ఇంటి భాష తెలుగు. మనం టి.నగర్ అనేది ఆయన పేరే. ఇప్పుడు ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ప్రభుత్వ బడి పిల్లలకు పొద్దున ఫలహారం కూడా పెడుతున్నారు. 2022 సెప్టెంబరులో మదురైలో మొదలై, 2023 ఆగస్టు 25న రాష్ట్రమంతటికీ విస్తరించింది. మీ అమ్మాయిది ప్రభుత్వ బడి అయితే ఇంట్లో తినిపించి పరుగున తీసుకెళ్ళకుండా ఆ ఫలహారం వేళకే తీసుకెళ్ళండి. ఉప్మానో పొంగలో పిల్లలు తింటుంటే తల్లులకు గేటు దగ్గర ఇరవై నిమిషాలు తీరిక దొరుకుతుంది. బడి కబుర్లన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే తెలుస్తాయి. రోడ్డుకు ఇవతలి పక్కకు వచ్చి నిలబడండి.

ఈలోగా ఒక పని చేయండి. ఈ ఆరు నెలల్లో అమ్మాయి సంచిలో వచ్చిన కాగితాలు ఎక్కడో ఒకచోట పడి ఉంటాయి. అవన్నీ పోగుచేసి సోమవారం వెంట తీసుకెళ్ళండి. ఆయానో, పక్కింటి తమిళ పిల్లనో, ఎవరినో ఒకరిని పట్టుకుని చదివించుకోండి. గడువు దాటని కబురు వాటిలో ఒకటైనా ఉండవచ్చు.