ఎలా పిలవాలన్నది తర్వాత.. ముందు ఆ మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. భోపాల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఏడాదిగా తనను ‘వాడు’, ‘వచ్చాడు’ అనొద్దంటున్నాడు. వాళ్ల అక్కతో ఫోన్‌లో ‘నేను అలాంటిదాన్ని కాదు’ అని ఆడపిల్లలా మాట్లాడుతుంటే విన్నాను. గొంతు సన్నగా పెట్టి మాట్లాడీ మాట్లాడీ బొంగురుపోయింది. స్నేహితులు చెప్పారని నాలుగు నెలలుగా ఏవో హార్మోన్ మాత్రలు కూడా వేసుకుంటున్నాడట. మేమూ తను చెప్పినట్టే పిలిస్తే ఇది ఇంకా ముదురుతుందా? మామూలుగా మార్చే మందు ఉందా?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, పిలుపు గురించి ఇంత రాసి, మాత్రల సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ ముక్కే.

పేరు రాయలేదు కాబట్టి అవి ఏ మాత్రలో చెప్పలేను. సొంతంగా వాడి మా దగ్గరికి వచ్చేవాళ్ల చేతిలో తరచూ కనిపించేవి గర్భనిరోధక మాత్రలు. చీటీ అడగకుండా ఇచ్చే షాపులకు కొదవ లేదు కదా. వాటిలో ఎక్కువగా ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే ఆడ హార్మోన్ మందుతో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. అందుకే ఆడపిల్లలా మారాలనుకునేవాళ్లకు ఇచ్చే హార్మోన్ చికిత్సలో మేం దాని జోలికి వెళ్లం. మార్పు త్వరగా రావాలని రోజుకు రెండు మూడు మింగేవాళ్లూ ఉన్నారు. సిగరెట్ అలవాటు తోడైతే మరీ ప్రమాదం. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లమని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. అవి మగ హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు కావచ్చు. స్పైరనోలాక్టోన్ అయితే పొటాషియం, కిడ్నీ పరీక్షలు, సైప్రోటిరోన్ అయితే లివర్ పరీక్షలు చేయించకుండా వాడకూడదు. సంతాన సామర్థ్యం కూడా తగ్గవచ్చు. వీర్యం భద్రపరచుకునే మాట చికిత్సకు ముందే మాట్లాడుకోవాల్సింది.

నాలుగు నెలలుగా వేసుకుంటున్నట్టు ఇంట్లో తెలిసి కూడా ఊరుకున్నారు. మూడు రోజులు జ్వరం తగ్గకపోతే ఊరుకుంటారా? అలాగని మాత్రలు లాక్కుని పారేయొద్దు, చాటుగా వాడడం మొదలవుతుంది. ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపిస్తే ఏది ఆపాలో, ఏది మార్చాలో ఆయన చెబుతారు.

గొంతు విషయం. మగ గొంతు ఒకసారి ముదిరాక ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) మాత్రలతో సన్నబడదు, ఎన్ని మింగినా అంతే. బలవంతంగా సన్నగా మాట్లాడితే స్వరతంతుల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని బొంగురుపోతుంది. మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. కోరుకున్న గొంతుతో అలసట లేకుండా మాట్లాడడం స్పీచ్ థెరపిస్టులు నేర్పిస్తారు.

ఇక మీరు అడిగింది. మగపిల్లాడిగా పుట్టి తాను ఆడపిల్లనని అనుకోవడం పిలుపుతో రాదు, ముదరదు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో ఇది మానసిక వ్యాధుల కింద లేదు. ‘మారుస్తాం’ అంటూ చేసే కన్వర్షన్ థెరపీని మన జాతీయ వైద్య కమిషన్ అదే ఏడాది వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అలా చెప్పేవాళ్లకు డబ్బు పోయకండి. దిగులు, నిద్రలేమి, చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయా అన్నది మాత్రం నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు.

హిందీలో ‘వెళ్తాను’ అని తన గురించి తాను చెప్పుకోవాలన్నా ‘జాతా హూఁ’నో ‘జాతీ హూఁ’నో తేల్చుకోవాలి. భోపాల్ హాస్టల్లో రోజంతా అదే పరీక్ష. మన ఇంట్లో అంత ఇబ్బంది లేదు. ‘తిన్నావా, ఎప్పుడొస్తావు’ అని ఎదురుగా మాట్లాడినంతసేపూ ఆడా మగా తేడా రాదు. ఆడపిల్లల్ని కూడా ‘నాన్నా’, ‘కన్నా’ అనే పిలుస్తాం. చిక్కల్లా చుట్టాల దగ్గర ‘వాడు వచ్చాడు’ అనాల్సి వచ్చినప్పుడే. అక్కడ ఏమనాలో తననే అడగండి. నోరు తిరగడానికి కొంత టైమ్ పడుతుంది, మధ్యలో పాత మాటే వస్తే సరిదిద్దుకుని ముందుకెళ్లండి.

చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు తను వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, ఇంజెక్షన్లు ఉంటే వాటి పెట్టెలు తీసుకెళ్లమనండి. మీ ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే అది కూడా రాసి పంపండి.