సూదికి పది నిమిషాలు

అమ్మా,

విశాఖ మహారాణిపేటలో గది కుదిరిందనీ, వచ్చే నెల నుంచి చిన్న కాస్మెటిక్ పనులు సొంతంగా మొదలుపెడుతున్నావనీ తెలిసింది. తెగిన చెవి తమ్మెలు, పుట్టుమచ్చలు, కొవ్వు గడ్డలు, పాత మచ్చల సవరణ. మొదటి ఏడాది నీ గుమ్మం తొక్కేవి ఎక్కువగా ఇవే. కోత గురించీ కుట్టు గురించీ నీకు చెప్పక్కర్లేదు. మొద్దుబార్చే సూది గురించి మాత్రం రాస్తాను. రద్దీ ఓపీల్లో చెయ్యి తిరిగిన వాళ్లమందరం తొందరపడేది అక్కడే. చెవి కుట్టించుకున్నావిడ ఇంటికెళ్లి చెప్పేది నీ కుట్ల అందం గురించి కాదు, సూది వేసినప్పుడు ఎలా ఉందన్నది.

ముందు 'మత్తు' అనే మాటతో చిక్కుంది. మనవైపు 'మత్తిచ్చి చేస్తారు' అంటే సగం మందికి నిద్రపుచ్చడమనే అర్థం. దాంతో రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, పాడేరు నుంచో శ్రీకాకుళం నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేస్తారు. ఖాళీ కడుపు, ప్రయాణం బడలిక, భయం కలిసి సూది చూడగానే కళ్లు తిరుగుతాయి. ఫోన్లో టైమిచ్చేటప్పుడే 'ఆ చోటు మాత్రమే మొద్దుబారుతుంది, మీరు మెలకువగానే ఉంటారు, టిఫిన్ చేసి, రోజూ వేసుకునే మాత్రలు వేసుకుని రండి' అని చెప్పించు. చెవి పనైనా సరే, కుర్చీలో కూర్చోబెట్టి సూది వెయ్యకు, పడుకోబెట్టు.

ఏ మందులు వాడుతున్నారో అడిగేటప్పుడు ప్రొప్రనలాల్ పేరెత్తి మరీ అడుగు. తలనొప్పికో చేతుల వణుకుకో వాడేవాళ్లు దాన్ని 'మందు' కింద లెక్కెయ్యరు. అది వేసుకునేవాళ్లకు, రక్తనాళాలు ముడుచుకోవాలని మొద్దుబార్చే మందులో కలిపే అడ్రినలిన్ ఎక్కువైతే బీపీ ఎగిసి, నాడి మందగిస్తుంది. అలాంటివాళ్లకు మొద్దుబార్చే మందు లిగ్నోకెయిన్ ఒక్కటే, ఉత్తదే వాడు, లేదా అడ్రినలిన్ చాలా తగ్గించు. రక్తం పల్చబడే మాత్రలు గుండె డాక్టర్‌ని అడక్కుండా నువ్వు ఆపించకు.

'పళ్ల డాక్టరు దగ్గర ఈ సూది పడలేదు' అనేవాళ్లు వారానికొకరైనా తగులుతారు. పడలేదంటే ఏమైందో విడమరిచి అడుగు. గుండె దడ, చేతుల వణుకు అయితే అడ్రినలిన్ పని. చెమట పట్టి కళ్లు బైర్లు కమ్మితే భయంతో వచ్చిన సొమ్మ. దద్దుర్లు, పెదాల వాపు, పిల్లికూతలు వచ్చి ఉంటే మాత్రం ఆ రోజు సూది లేదు, అలర్జీ పరీక్షకు పంపు. లిగ్నోకెయిన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. ఆ చెడ్డపేరు చాలావరకు దానికి ముందున్న ప్రొకెయిన్ రోజుల నుంచి అంటుకొచ్చింది. 1943లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకెయిన్ 1948లో బజారుకొచ్చింది, దాని రసాయన కుటుంబమే వేరు. వయల్లో నిల్వకోసం కలిపే మిథైల్ పారాబెన్ కొందరికి పడకపోవచ్చు.

ఇక సూది ఎందుకు నొప్పెడుతుందో చూడు. చర్మంలో గుచ్చుకోవడం ఒకటి, మందు పులుపు ఒకటి, మందు వెళ్లి కణజాలాన్ని సాగదీయడం ఒకటి. మూడింటికీ విడివిడిగా విరుగుడుంది.

గుచ్చుకోవడానికి విరుగుడు 30 గేజ్ సన్న సూది. వయల్ రబ్బరు మూతలోంచి గుచ్చి తీసిన సూదితోనే చర్మంలోకి వెళ్లకు, మొన మొద్దుబారి ఉంటుంది. లావుపాటి 18 గేజ్‌తో తీసుకో, సూది మార్చు. సిరంజి చిన్నది, 2 మి.లీ. లేదా 3 మి.లీ.ది చాలు. 10 మి.లీ. సిరంజికి సన్న సూది పెడితే బొటనవేలికి బలం చాలదు, బలం పెడితే చెయ్యి వణుకుతుంది. లాక్ ఉన్న సిరంజే కొను. లేకపోతే గట్టి మచ్చలో వేస్తున్నప్పుడు సూది ఊడి మందు నీ కళ్లలోనో, పేషెంటు కళ్లలోనో చిమ్ముతుంది. సూది నిటారుగా దించు, ఏటవాలుగా పైచర్మంలో పాకించకు. దించే క్షణంలో పక్క చర్మాన్ని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని కదుపు. ఆ కదలిక కబురు ముందెళితే నొప్పి కబురు వెన్నుపాములోనే నీరసిస్తుంది.

పులుపు సంగతి చాలామంది పట్టించుకోరు. అడ్రినలిన్ పాడవకుండా ఉండాలని కంపెనీవాళ్లు ఆ వయల్‌ను ఆమ్లంగా ఉంచుతారు, పీహెచ్ 4 చిల్లర. 'మంటగా ఉంది' అని పేషెంటు అంటే అది సూది మంట కాదు, ఆ పులుపు. దీనికి సోడా బైకార్బ్ అనే క్షారం కలపాలి. ముఖానికి నువ్వు చేసుకోవాల్సిన కలయిక ఇది: 2 శాతం లిగ్నోకెయిన్ విత్ అడ్రినలిన్ 10 మి.లీ., సెలైన్ 8 మి.లీ., మామూలుగా దొరికే 7.5 శాతం సోడా బైకార్బ్ 2 మి.లీ. మొత్తం 20 మి.లీ., ఒక శాతం మందు. వయల్లో 1:2,00,000గా, అంటే రెండు లక్షల పాళ్లలో ఒక పాలుగా ఉన్న అడ్రినలిన్ ఇప్పుడు 1:4,00,000 అవుతుంది, ముఖానికి సరిపోతుంది. తలమీద చర్మం రక్తం ధారగా కారుస్తుంది కాబట్టి అక్కడ సెలైన్ కలపకు, పది పాళ్లకు ఒక పాలు బైకార్బ్ మాత్రమే కలుపు. క్షారంలో అడ్రినలిన్ నిలవదు, అందుకని పనికి ముందే కలిపి, మిగిలింది పారెయ్యి. కలిపాక మసకగా కనిపిస్తే వాడకు. ఎక్కువసేపు మొద్దుబార్చే బుపివకెయిన్‌కు ఈ పాళ్లలో బైకార్బ్ అసలు కలపకు, పాలవిరుగుడులా తేలుతుంది.

మూడోది సాగదీత. ఇక్కడ మందు కాదు, నీ ఓపికే పని చెయ్యాలి. చర్మం కింది పొరలో రెండు పదో వంతుల మి.లీ. వేసి ఆగు. 'ఇప్పుడు తగ్గిందా?' అని అడుగు. తగ్గిందన్నాక కదులు. మందు ముందు నడవాలి, సూది వెనక రావాలి. సూదిమొనకు ఒక సెంటీమీటరు ముందు ఎప్పుడూ ఉబ్బి, తెల్లబారిన చర్మం ఉండాలి. మళ్లీ గుచ్చాల్సి వస్తే తెల్లబారిన భాగం లోపలే గుచ్చు. ఇలా చేస్తే నొప్పి తెలిసేది మొదటి గుచ్చుకు ఒక్కదానికే. మందు చల్లగా ఉన్నా నొప్పే. ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజిని చేతి వేడికి రానిచ్చాకే వాడు.

చెవి తమ్మె గురించి వేరే చెప్పాలి, మన ఊళ్లో జూకాల బరువుకు సాగి తెగినవి అన్ని ఉంటాయి. మందు వెయ్యకముందే పెన్నుతో గీత గీసుకో. వేశాక తమ్మె బూరెలా ఉబ్బుతుంది, అంచులు ఎక్కడ కలవాలో దేవుడికే తెలియాలి. మందు తమ్మె చెంపకు అతుక్కునే మొదట్లో, ముందూ వెనకా కలిపి 1 నుంచి 2 మి.లీ. చాలు. తెగిన అంచులోనే సూది దించి ఒత్తిడితో నింపకు. పై పెదవి పనికీ ఇదే వర్తిస్తుంది. పెదవి ఎరుపు మొదలయ్యే గీతను ముందే గుర్తుపెట్టుకో, అడ్రినలిన్‌కు తెల్లబడ్డాక అది కనబడదు. చెవికీ ముక్కుకూ అడ్రినలిన్ కూడదన్న పాత సూత్రం పట్టుకుని భయపడకు. రక్తప్రసరణ ముందే దెబ్బతిన్నచోట, సన్నటి కాడమీద నిలబడే ఫ్లాప్ (లేపి మరోచోట అతికే చర్మం ముక్క) దగ్గర మాత్రం ఆలోచించు.

ముక్కు కొన, పై పెదవి, ఈ రెండూ సూదికి బాగా కష్టమైన చోట్లు. అక్కడ నేరుగా గుచ్చకుండా ఇన్‌ఫ్రా ఆర్బిటల్ బ్లాక్, అంటే కంటి కింది నరాన్నే మొద్దుబార్చడం, నేర్చుకో. నేరుగా చూస్తున్న కంటిపాప నుంచి కిందికి గీత గీస్తే, కంటి గుంట అంచుకు దాదాపు సెంటీమీటరు కింద ఆ నరం ఎముకలోంచి బయటికొచ్చే రంధ్రం. ఎడమచేతి వేలు ఆ అంచుమీద కాపలా పెట్టి, పెదవి ఎత్తి, కోరపంటి పైన చిగురుకు మొద్దుబార్చే జెల్ రాసి రెండు నిమిషాలాగి, లోపలినుంచి 1.5 మి.లీ. వెయ్యి. కరెంటు కొట్టినట్టుందంటే నరాన్ని తాకావు, ఒక్క పిసరు వెనక్కి లాగాకే మందు వదులు. ముక్కు కొన పూర్తిగా మొద్దుబారదు, కానీ ఆ తర్వాత అక్కడ వేసే కాస్త మందు భరించగలుగుతారు.

కెలాయిడ్‌లో (గట్టిగా ఉబ్బి పెరిగే మచ్చలో) స్టెరాయిడ్ వేసేటప్పుడు అందులోనే లిగ్నోకెయిన్ కలిపితే నొప్పి పోతుందనుకోవడం భ్రమ. రాయిలాంటి మచ్చలోకి మందు తోయడమే నొప్పి. చుట్టూ ఉన్న మామూలు చర్మం నుంచి మచ్చ అడుగు ముందు మొద్దుబార్చు. కొవ్వు గడ్డ కూడా అంతే. పైన కోసినప్పుడు కాదు, అడుగున లాగినప్పుడు పేషెంటు ఉలిక్కిపడేది. చీముపట్టిన గడ్డలో మందు పని చెయ్యదు, అక్కడి ఆమ్లం దాన్ని నరంలోకి వెళ్లనివ్వదు. దాన్ని చల్లారాక చెయ్యి.

చర్మం మొద్దుబార్చే ప్రైలాక్స్ క్రీమ్ వాడేట్టయితే పైన ప్లాస్టిక్ కప్పి గంట ఉంచాలి. పావుగంటకే తుడిచేసి 'పని చెయ్యలేదు' అంటే తప్పు క్రీముది కాదు. ఉక్కపోతకు టేపు ఊడిపోతుంది, మధ్యలో చూస్తూ ఉండు. కంటి దగ్గరకు పోనివ్వకు, చంటిపిల్లలకూ డాప్సోన్ (కుష్టుకు వాడే మందు) వాడేవాళ్లకూ దూరంగా ఉంచు.

మందు వేశాక ఆగడం చేతకాదు మనకు. రెండు మూడు నిమిషాల్లో మొద్దుబారుతుంది, నిజమే. రక్తనాళాలు ముడుచుకోవడానికి మాత్రం పది నిమిషాలైనా కావాలి, పూర్తి బిగువుకు ఇరవై దాటుతుంది. వేసి, గడియారం చూసుకుని, కేస్ షీట్ రాసుకో. పరీక్ష చెయ్యడం మొనకు పళ్లున్న ఫోర్సెప్స్‌తో గట్టిగా గిల్లి. 'నొప్పుందా?' అని అడిగితే తాకినా ఉందనే అంటారు. 'గుచ్చుకున్నట్టుందా, లాగినట్టుందా?' అని అడుగు. లాగడం, ఒత్తడం తెలుస్తూనే ఉంటాయని ముందే చెప్పి ఉంచు.

మోతాదు లెక్క నోటికి రావాలి. లిగ్నోకెయిన్ ఉత్తదైతే కిలోకు 3 మి.గ్రా., అడ్రినలిన్‌తో 7 మి.గ్రా. 50 కిలోల మనిషికి ఉత్త 2 శాతం మందు 7.5 మి.లీ. దాటకూడదు. అడ్రినలిన్‌తో అయితే 17.5 మి.లీ., ఒక శాతానికి పలుచన చేస్తే 35 మి.లీ. బుపివకెయిన్ కిలోకు 2 మి.గ్రా. రెండూ కలిపి వాడితే రెండింటి విషమూ కూడుతుందని గుర్తుంచుకుని, దేని వాటా దానికి సగానికి తగ్గించు. బరువు ఊహించకు, గదిలో తూకం పెట్టు.

అన్నింటికంటే నాకు భయం కలిగించే పొరపాటొకటుంది. అడ్రినలిన్ విడిగా కలిపేటప్పుడు 20 మి.లీ. లిగ్నోకెయిన్‌కు 1:1000 ఆంప్యూల్ నుంచి 0.1 మి.లీ. చాలు, అది 1:2,00,000 అవుతుంది. ఈ పదో వంతును ఇన్సులిన్ సిరంజితో తీస్తారు. ఎర్రమూత సిరంజి 40 యూనిట్లది, అందులో 0.1 మి.లీ. అంటే 4 యూనిట్లు. నారింజమూతది 100 యూనిట్లది, అందులో 10 యూనిట్లు. నర్సు అలవాటుకొద్దీ ఎర్రమూత సిరంజిలో పది యూనిట్లు తీస్తే రెండున్నర రెట్లు వెళుతుంది. గదిలో ఒకే రకం ఉంచు, కలిపిన సిరంజిమీద పేరు, శాతం, సమయం రాయించు. అసలు కలిపి వచ్చే వయలే కొంటే ఈ గొడవే ఉండదు.

ఇబ్బంది వచ్చిందంటే ముందు నాడి పట్టుకో. మందగించి, ముఖం పాలిపోతే సొమ్మ. కాళ్లు ఎత్తితే తేరుకుంటారు. నాడి పరుగెడుతూ దద్దుర్లూ ఆయాసమూ ఉంటే తొడ కండరంలో అడ్రినలిన్ 0.5 మి.గ్రా., ఆలోచన తర్వాత. నాలుక తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, తడబడే మాట అంటే మందు రక్తంలో ఎక్కువైంది. సూది ఆపి, ఆక్సిజన్ పెట్టి, ఐవీ లైన్ చూసుకుని, ఫిట్స్ వస్తే మిడాజొలామ్ ఇవ్వు. ఈ విషానికి విరుగుడుగా నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం, 20 శాతం లిపిడ్ ఎమల్షన్, కిలోకు 1.5 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో, అంటే 50 కిలోలకు 75 మి.లీ., ఆ వెంటనే నిమిషానికి కిలోకు 0.25 మి.లీ. చొప్పున. ఈ సీసా లేని గదిలో పెద్ద మోతాదులు పెట్టుకోకు. ఎక్స్‌పైరీ తేదీ తలుపు వెనక రాసి అంటించు. సాయంత్రం జగదాంబ వైపు ట్రాఫిక్ సంగతి నీకు తెలుసు, అంబులెన్స్ వచ్చేదాకా గడపాల్సింది నువ్వే.

ఇంటికి పంపేటప్పుడు, మొద్దు దిగకముందే పారాసెటమాల్ 650 మి.గ్రా. వేయించు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ రెండు మూడు గంటలు నిలుస్తుంది. ఉదయం పదకొండుకు చేసినావిడకు నొప్పి మొదలయ్యేది మధ్యాహ్నం భోజనం వేళకు, అప్పటికి ఆవిడ విజయనగరం బస్సులో ఉంటుంది. అడ్రినలిన్ దిగాక అణిగి ఉన్న రక్తనాళం మళ్లీ తెరుచుకోవచ్చు కాబట్టి కుట్లు వేశాక నిదానంగా చూసి, ఒత్తిడి కట్టు కట్టే పంపు. పెదవి పనైతే మొద్దు పూర్తిగా దిగేదాకా వేడి టీ వద్దని చెప్పు, కాలినా తెలియదు. సాయంత్రం ఒకసారి ఫోన్ చేయించి, వాపు పెరుగుతోందా అని అడిగించు. నొప్పి మాత్రకు లొంగకుండా ఒకే పక్క బిగుసుకుంటోందంటే లోపల రక్తం గూడుకట్టిందేమో చూడాలి, మర్నాటిదాకా ఆగమనకు.

ఉంటానమ్మా.